గడ్డకట్టిన సరస్సు మీద ప్రార్థన

కాళ్ల కింద గడ్డకట్టిన సరస్సులో ఢామ్మని మళ్లీ చప్పుడైంది. మా ఆయన కోటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

“ఐస్ పగులుతోంది జ్యోతీ, నువ్వెళ్లి కార్‌లో కూర్చో,” అన్నారాయన, మంచులో తొలిచిన కన్నంలోకి గాలం వదులుతూ. పోయిన శనివారమూ ఇలాగే పంపించేశారు.

“మీరూ రండి. మీరు మునిగిపోతే నాకు దిక్కెవరు?”

పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చున్న మా అమ్మాయి క్రిస్టీ తలెత్తింది. “పగలడమేంటి డాడీ? ఐస్ ఇంకా థిక్ అవుతుంటే ఆ సౌండ్ వస్తుందని నువ్వే చెప్పావు కదా!”

ఆయన కన్నంలోకి మరింత వంగారు.

“మరి నన్నెందుకు తరిమారు?” అన్నాను.

“పొద్దుగూకే వేళే వాలై చేపలు పడేది. సరిగ్గా అప్పుడే నువ్వు గట్టిగా ప్రార్థన మొదలెడతావు. ఆ గోలకి అవి పారిపోతున్నాయే.”

పోయిన శనివారం అంతసేపూ కారు అద్దం తుడుచుకుంటూ, మనిషి ఉన్నాడా మునిగాడా అని చూస్తూ చచ్చాను. అంతా చేపల కోసమా! అక్కడే మోకరించి గొంతెత్తాను.

“ప్రభువా, ఈ ఐస్‌ని ఇంకా మందంగా చెయ్యి. పెళ్లాంతో అబద్ధాలాడే ఈ మనిషికి మాత్రం ఒక్క చేప కూడా పడనివ్వకు.”

“ఆమెన్,” అంది క్రిస్టీ.