మినుములకు విమానం గాలి

మా ఊళ్లకు బస్సులు పోయి పంకాల విమానాలు వచ్చిన ఏడాదికే ఆడవాళ్లం దాని కిటుకు కనిపెట్టేశాం. విమానం దిగి పరుగెత్తేటప్పుడు పంకాలను ఎదురు తిప్పి ఆపుతారు కదా, ఆ గాలి ముందుకు విసిరి కొడుతుంది. అది పరుగెత్తే దారి చివర మినుములు పోసుకుని చేటలెత్తి నిలబడితే పొట్టంతా క్షణంలో ఎగిరిపోతుంది. నేనూ ఎన్నోసార్లు నిలబడ్డదాన్నే.

మా విమానం నడిపేది మా మనవరాలు మేదిని. మొన్న దాని వెనక సీట్లోనే కూర్చున్నాను. చక్రాలు నేలను తాకాయి. అది పంకాలను ఎదురు తిప్పే మీట మీద చెయ్యి వేసింది గానీ వెనక్కి లాగలేదు. ఎదురుగా చేట ఎత్తుకుని నా కోడలి వరస సామ్రాజ్యం, క్షణక్షణానికీ దగ్గరవుతోంది.

"లాగవేమే?" అన్నాను.

"రెండు పంకాల దీపాలూ వెలగాలి అమ్మమ్మా, ఒకటే వెలిగింది. ఒక్క పంకా ఎదురు తిరిగితే పక్కకి ఈడ్చుకుపోయి కాలవలో పడతాం."

బ్రేకుల మీదే నిలబడింది పిల్ల. చివరికి బండి ఆగింది.

సామ్రాజ్యం చేట దించకుండానే వచ్చింది. "ఇవాళ గాలి కొట్టలేదేమే?"

"అది బండి ఆగడానికి అత్తా, నీ మినుములకు కాదు. ఎంత దూరంలో ఆగిందో చూసుకో."

విమానం ముందు చక్రం నుంచి తన కుప్ప దాకా సామ్రాజ్యం అడుగులేసింది. తొమ్మిది. చేట పక్కన పెట్టి, మినుములు పోసిన పట్టా కొస పట్టుకుంది. నేను దిగి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం గట్టు అవతలికి లాగాం.

"ఇక్కడ గాలే లేదు అత్తయ్యా."

"సాయంత్రానికి లేస్తుంది, కూర్చో."