ఒరిక్కా, డ్రాగనా?

"డ్రాగనే గొప్పది," అన్నాడు నారాయణరావు.

"నీ మొహం. ఒరిక్ ముందు అదెంత?" అన్నాడు శ్రీరాములు.

నూజివీడులో వాళ్ల వీధి మొత్తానికి ఆ ఎండాకాలం ఉన్నవి రెండే కంప్యూటర్లు. రెండూ మద్రాసు బర్మాబజారులో కొన్న విదేశీ సరుకే. ఒరిక్ శ్రీరాములు ఇంట్లో దిగింది. డ్రాగన్ పక్కింట్లో, నారాయణరావు వాళ్లింట్లో దిగింది. తాము వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని వాటి సొంతదారులు మద్రాసు నుంచి మరీ మరీ చెప్పి పంపారు.

ముట్టుకోకుండా ఉండటం వాళ్లిద్దరి వల్లా కాలేదు.

వాటికి సొంత తెర లేదు, టీవీకి తగిలించాల్సిందే. టీవీ ఉన్నది శ్రీరాములు ఇంట్లోనే. అందుకని నారాయణరావు రోజూ డ్రాగన్‌ని తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని, దొడ్డిగుమ్మం గుండా వచ్చేవాడు. వాళ్లింట్లో చూస్తే ఊరుకోరు.

"కీలు చూడరా, టైపు మిషను కీల్లాగా ఎంత నిండుగా ఉన్నాయో. నీదానికి క్యాలిక్యులేటర్ బొత్తాలు."

"బొత్తాలైతేనేం? 'జాప్' అని కొడితే తుపాకీ పేలుతుంది. 'ఎక్స్‌ప్లోడ్' అని కొడితే బాంబు పడుతుంది. ఏదీ, నీదాంతో అనిపించు. దానికి నోరే లేదు."

"నాదానికి జాయ్‌స్టిక్ ఉంది. నీదాంతో ఆడాలంటే బొత్తాలు నొక్కీ నొక్కీ వేళ్లు వాయాలి."

"నీదాన్లో తెరంతా పచ్చటి పచ్చ. నాదానికి ఎనిమిది రంగులు."

ఈ రంగుల గొడవ చాలాసేపు నడిచింది. టీవీ బ్లాక్ అండ్ వైటు అన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ అడ్డు రాలేదు.

ఆ ఇంటి పెత్తనం హైమవతిది. వంటిల్లూ ఆవిడే, మామిడికాయల వ్యాపారమూ ఆవిడే. వంటింట్లో నుంచి పిలిస్తే వీధి చివర రిక్షావాడు కూడా ఆగేవాడు.

"చాట్రాయి తోటలో కోతలు మొదలెట్టారు. ఒకసారి వెళ్లి చూసిరా నాన్నా," అంది ఓ పొద్దున.

"కడుపునొప్పిగా ఉంది," అన్నాడు శ్రీరాములు తెర మీంచి చూపు తిప్పకుండా.

"గారెలు తినేటప్పుడు లేదే?"

"తిన్నాకే వచ్చింది."

ఆవిడ నిట్టూర్చి, గొడుగు తీసుకుని తానే బయల్దేరింది. గేటు చప్పుడు వినగానే కడుపునొప్పి తగ్గిపోయింది. దొడ్డివైపు నుంచి తువ్వాలు మూట కూడా వచ్చేసింది.

ఆ రోజు ఏదో ఒకటి తేల్చేద్దామనుకున్నారు. తీర్పు చెప్పడానికి టీవీలు బాగుచేసే జోజిని పిలిపించారు.

"చెప్పు జోజీ. ఆటకి ఏది మంచిది?"

"ఆడి చూస్తే గానీ చెప్పలేను," అన్నాడు జోజి.

ఆడాడు. ముందు ఒరిక్ మీద ఆకాశంలోంచి దిగే రాక్షసుల్ని కాల్చాడు. తర్వాత డ్రాగన్ మీద సొరంగంలో దెయ్యాల నుంచి పారిపోయాడు. మళ్లీ ఒరిక్ అన్నాడు. మధ్యాహ్నం దాటింది. తీర్పు రాలేదు, జోజి లేవలేదు. కరెంటు పోతే విసనకర్ర అందుకుని అక్కడే కూర్చున్నాడు.

కరెంటు వచ్చేసరికి జాయ్‌స్టిక్ మీద రెండు చేతులు పడ్డాయి.

"నా వంతు," అన్నాడు శ్రీరాములు.

"నీ ఒరిక్ నీకుందిగా. దీనికి నోరు లేదన్నావుగా."

"నోరు లేదన్నాను గానీ ఆడనన్నానా?"

ఒకడు లాగాడు. ఇంకొకడు వదల్లేదు. టక్కున విరిగింది.

జోజి విరిగిన ముక్కని చూశాడు, ఇద్దరి మొహాలూ చూశాడు. "నేనసలు ఇటు రానే లేదు," అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"నువ్వే విరిచావు."

"నువ్వు లాగకపోతే ఎందుకు విరుగుతుంది?"

అంతే. మాటలు బందయ్యాయి. దొడ్డిగుమ్మం మూతబడింది.

శ్రీరాములు ఒక్కడే ఆడుకున్నాడు. ఎన్నడూ రానంత స్కోరు వచ్చింది. "చూశావురా" అనడానికి పక్కన ఎవరూ లేరు. గోడ అవతల నారాయణరావు టీవీ లేని డ్రాగన్ ముందు కూర్చుని, ఊరికే కీలు నొక్కుతున్నాడు. టకటకమనే చప్పుడు ఇవతలకి వినిపిస్తూనే ఉంది.

గురువారం అన్నం వడ్డిస్తూ హైమవతి చల్లగా చెప్పింది.

"వాళ్లు శనివారం దిగుతున్నారు. వస్తూనే అడిగేది వాటి గురించే. ఏం చెప్పుకుంటావో ఇప్పట్నుంచే ఆలోచించుకో నాన్నా."

శ్రీరాములు కంచం ముందు నుంచి లేచాడు. చేయి కడుక్కుని దొడ్డిగుమ్మం తీశాడు. నారాయణరావు అప్పటికే అవతల నిలబడి ఉన్నాడు, తలుపు కొట్టాలా వద్దా అన్నట్టు చేయెత్తి.

"వాళ్లు వస్తున్నారంటరా."

"తెలుసు. నాకు రాత్రి నుంచీ నిద్ర లేదు."

"కోతి ఎత్తుకుపోయిందందామా?"

"కోతికి జాయ్‌స్టిక్ ఎందుకురా?"

"మనకెందుకో దానికీ అందుకే."

చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. విరిగినచోట జిగురు పెట్టి, దారం చుట్టి, ఎండలో ఆరబెట్టారు. జాయ్‌స్టిక్ నిలబడింది గానీ, కల్లు దుకాణం నుంచి వచ్చినవాడిలా ఒక పక్కకి ఒరిగి నిలబడింది.

"ఒరేయ్, ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఒకరి పేరు ఒకరం చెప్పొద్దు," అన్నాడు నారాయణరావు.

"ఒట్టు," అన్నాడు శ్రీరాములు.

శనివారం బస్సు దిగి, బూట్లైనా విప్పకుండా లోపలికి పరిగెత్తిన మనవళ్లిద్దరూ, "మా జాయ్‌స్టిక్ ఎవరు విరిచారు తాతయ్యా?" అని అడగ్గానే, హైమవతి తండ్రి శ్రీరాములు గారూ, ఆయనలాగే అరవై దాటిన నారాయణరావు గారూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు.