అర గాసు

“జీపు బోల్తా పడుతదో, పులి ఎదురైతదో, ఏ చెట్టు కింద ఏం గాలి సోకుతదో! ఇయ్యాల పోకు కొడుకా.”

ఇంకా జీపు రానేలేదు. ఐలవ్వ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి మొదలుపెట్టింది. ముత్యం ఇనుప గనులు వెతికే సర్వేలో కొలువుకు చేరి తల్లిని ఉట్నూరు తెచ్చుకున్నప్పటి నుంచీ రోజూ ఇదే వరస.

“నా ఫికర్ వేరే ఉన్నదే అవ్వా. గాసు సక్కగ రాకుంటే ఇయ్యాలనే ఇంటికి తోలుతరు.”

“గాసట, గాసు!” ఐలవ్వ మూతి తిప్పింది.

నేలలోని అయస్కాంతాన్ని గాసుల్లో కొలుస్తారనీ, గాసంటే ఏదో దేశంలో లెక్కలు చేసిన పెద్దమనిషి పేరనీ తెలిసిన నాటి నుంచి ఆమెకు కొడుకు పట్టుకు తిరిగే ఆ కొలత యంత్రమంటే చులకన.

“మనూరి పట్వారి గూడ లెక్కలు చేస్తడు. ఆయన పేరు దేనికన్న పెట్టిండ్రా?”

జీపును వీధి మొగలోనే ఆపించి సర్వే ఆఫీసరు నడిచి వచ్చాడు, వెనకాల యంత్రం పెట్టె మోసుకుంటూ డ్రైవరు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

“నీ కొలతలు నమ్మి గుట్ట తవ్వించానయ్యా. పిడికెడు ఇనుము లేదు. పెట్టు యంత్రం, నా ముందే చూడు.”

ముత్యం మూడుకాళ్ల స్టాండు మీద పెట్టె నిలిపి, వంగి చూశాడు. మామూలు నేల మీద అర గాసు దాటకూడని సూది రెట్టింపుకు ఎగిరింది.

ఆఫీసరు పకపకా నవ్వాడు. “మీ అమ్మ పొయ్యి కింద కూడా గనేనా? నేను చూస్తే కుదురుగా ఉంటుంది, నువ్వు వంగితే గంతులేస్తుంది. ఒంటి మీద ఇనుముంటే సూది చెదురుతుందని మొదటి రోజే చెప్పానుగా?”

“ఏం లేదు సార్. బెల్టు తీసిన, తాళాలు తీసిన. చెప్పులకు మేకులున్నయని ఉత్త కాళ్లతోటి తిరుగుతున్న.”

“అయితే లోపం నీలోనే. పోయి ఎడ్లు కాసుకో.”

ఐలవ్వకు ఒళ్లు మండింది. “ఏం సారూ! నీ డబ్బా అబద్ధాలాడుతే మా పోరన్ని అంటవేంది?”

“డబ్బా అబద్ధమాడదమ్మా. దగ్గర్లో ఇనుము లేకుండా సూది లేవదు.”

డ్రైవరు పెట్టె మూసి నెత్తికెత్తుకున్నాడు. ముత్యం తల దించుకున్నాడు. ఆఫీసరు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

“ఆఖరుసారి అడుగుతున్నా. ఒంటి మీద ఇనుము ఉందా, లేదా?”

ముత్యం జేబులు తిరగేసి చూపించాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసరు కదలబోయాడు.

అప్పుడు ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది: “ఉన్నది సారూ, అడవిల గాలి సోకకుండ వీని అంగీలన్నిటి కాలరు మడతల గుర్రపు నాల ఇనుప ముక్కలు పెట్టి నేనే కుట్టిన.”