మిగిలిన గడ్డ

"నెత్తురు పడుడు బందయింది. నొప్పి సుత లేదు. ఇంక కోసుడెందుకు? నడువ్, ఇంటికి పోదాం" అంటూ ఆస్పత్రి వరండాలో బెంచీ మీంచి లేచాడు భద్రయ్య.

మలాశయంలో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ కోసం చేరాల్సిన రోజది. జగదాంబ మొగుడి చెయ్యి వదల్లేదు.

"డాక్టరమ్మ ఏమన్నది? తొడ కాడి నరంల సన్న గొట్టమేసి సక్కగ గడ్డకే మందు పంపినం, చిన్నగైంది, గిప్పుడే తీసెయ్యాలె అన్నదా లేదా?"

"దొడ్డికి పోనీకి పొట్టకు సంచి కడ్తరట. దుకాణంల కూసుంటే గిరాకీలు ముక్కు మూసుకుంటరు."

జగదాంబకు ఏడుపొక్కటే తక్కువ.

పక్క బెంచీ మీది పెద్దమనిషి మెల్లగా దగ్గరికొచ్చాడు. "నా పేరు యేసురాజండి. బళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి. నాదీ మీ జబ్బే. ఆ మందే ఇచ్చారు. మీలాగే హాయిగా అనిపించి, ఇక చాలనుకున్నాను."

"మరి?"

"డాక్టర్లు వదల్లేదు, కోసేశారు. సంచి కొన్నాళ్లే, తర్వాత తీసేశారు. నాలుగేళ్లయింది. ఇప్పుడు కూడా మోండా మార్కెట్ నుంచి నడిచే వచ్చాను."

భద్రయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "భయం గాలేదా సారూ?"

"ఇప్పటికీ అవుతుంది." యేసురాజు జగదాంబ వైపు చూశాడు. "గడ్డ చిన్నదైందంతే, పోలేదు. ఆ మిగిలిందే మనిషిని మింగుతుంది. వెళ్లండి, మీ ఆవిడ మొహం చూసైనా వెళ్లండి."

భద్రయ్య జగదాంబ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. జగదాంబ భుజం పట్టుకుని నాలుగడుగులు వేసిన రోజు, భద్రయ్య నర్సు దేవకృపను పిలిచాడు.

"ఆ యేసురాజు సారు కనిపిస్తే జెర తోల్కరా బిడ్డా. ఒక్క కత్తి కింద పండినోళ్లం, దోస్తులమైనట్టే గదా!"

సెలైన్ సర్దుతున్న దేవకృప చెయ్యి ఆగింది.

"ఆయనకు ఏ రోగం లేదంకుల్. రోగం ఆయన భార్య ఎమిలీ మేడమ్‌కు. ఏడాది తిరగకముందే పోయింది. మందుతోని తగ్గింది గదా, ఇంకెందుకు కోయించుడని, ఆపరేషన్ రోజు ఆమెను ఇంటికి తోల్కపోయింది... ఆయనే."