సబ్జా కుండీ కింద తాళంచెవి

"మా ఆయనకి మందు ఆపించింది నువ్వేనా?"

గ్రీసులోని వోలోస్ ఊరి ఆసుపత్రి వరండాలో స్తమాతియా, ఫార్మసిస్టు ఎవాంథియాకి అడ్డంగా నిలబడింది. పొద్దుట్నించీ ఆమె అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"నేనే డాక్టరుకి చెప్పానమ్మా. ఆ యాంటీబయాటిక్‌కి ఆయన ఒంట్లో క్రిములు లొంగడం లేదని పరీక్షలో తేలింది. వేరేది మొదలుపెట్టాం."

"మందులిచ్చుకోక నీకెందుకమ్మాయ్ ఇవన్నీ? మా ఇంట్లో అందరికీ అదే మందు. రెండు మాత్రలేస్తే జ్వరం దిగేది."

"మిగతావి?"

"సొరుగులో దాస్తాను. వీధిలో ఎవరికి దగ్గొచ్చినా మా గుమ్మమే ఎక్కుతారు. నేను లేకపోయినా సరే, తాళంచెవి సబ్జా కుండీ కిందే ఉంటుంది. ఒక్కర్నీ ఉత్త చేతుల్తో పంపలేదు."

"ఆయనకీ అలాగే రెండేసి ఇచ్చారా?"

"ఏళ్ల తరబడి."

ఎవాంథియా గొంతు తగ్గించింది. "అలా అరకొరగా వాడితే క్రిములన్నీ చావవమ్మా. బతికినవి రాటుదేలుతాయి. పక్కవాళ్లకీ అంటుకుంటాయి."

స్తమాతియా అద్దాల తలుపులోంచి జ్వరంతో కందిపోయిన భర్త మొహం చూసింది.

"ఈ కొత్తదన్నా పనిచేస్తుందా?"

"రేపటికి గానీ తెలియదు."

అంతలో స్తమాతియా సంచీలో ఫోను మోగింది. తీయగానే పక్కింటి అరెతి గొంతు వరండా అంతా వినబడింది. "పిన్నీ, చంటాడికి ఒళ్లు కాలిపోతోంది. తాళంచెవి అక్కడే ఉందిగా?"

స్తమాతియా మళ్లీ అద్దాల తలుపు వైపు చూసింది.

"లేదే, నాతో తెచ్చేసుకున్నాను," అంది. "వాణ్ణి డాక్టరుకి చూపించు. ఇప్పుడే వెళ్లు."