రెండో పేరు దగ్గర ఖాళీ

తప్పులుంటే మన్నించండి. నా చెయ్యి నెమ్మది. ఈ కాస్త రాయడానికే మూడు వారాలు పట్టింది.

"సంతకం పెట్టకపోతే రేపు కారు కదలదు," అంది లెనోర్, కాగితాన్ని కూతురి ముందుకు తోస్తూ.

"పెడతానమ్మా. కానీ నువ్వు నింపినదాని మీద కాదు," అంది బ్రిటా.

బ్రిటాకి మూర్ఛ వస్తుంది. పోయిన నెలకి పద్దెనిమిదేళ్లు నిండాయి. రేపు పెద్ద వంతెన దాటి, ఏడు గంటల దూరంలో ఉన్న కాలేజీకి వెళ్తోంది. అక్కడ స్పృహ తప్పి పడిపోతే, వైద్యం గురించి ఆమె బదులు ఎవరు మాట్లాడాలో తెలిపే కాగితం అది. అది లేకపోతే ఆసుపత్రివాళ్లు కన్నతల్లికైనా ఏమీ చెప్పకపోవచ్చు. సాక్షులు బంధువులు కాకూడదు కాబట్టి ఎదురింటి నీమీ దంపతులు వచ్చి, కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

"నా పేరుంటే నీకేం నష్టమే?"

"పోయినసారి పడ్డప్పుడు డాక్టరు నోరు తెరవకముందే ఈత మాన్పించావు. ఈసారి కాలేజీ మాన్పిస్తావు."

బ్రిటా ఇంకో ఖాళీ కాగితం లాక్కుని, గబగబా నింపి, తల్లి వైపు తిప్పింది. లెనోర్ తెల్లబోయింది.

"అమ్మమ్మ పేరా! ఆవిడకి చదవడం రాదే, పిచ్చిదానా!"

బల్ల చివర పిండి వత్తుతున్న అమ్మమ్మ తలెత్తలేదు.

"డాక్టరు చేత ప్రతి మాటా మూడుసార్లు చెప్పించుకునేది ఆవిడొక్కతే. ఆ తర్వాత నాకేం కావాలో అడుగుతుంది. నువ్వెప్పుడైనా అడిగావా?"

"మంగళవారం మంగళవారం చర్చిలో దుప్పట్లు కుడతానని వెళ్లి, మూడేళ్లలో ఒక్క దుప్పటీ తేలేదు. ఆవిడా నీ ప్రాణం చూసేది?" అంది లెనోర్. "నువ్వు పడ్డప్పుడల్లా నేల మీద కూర్చుని నీ తల పట్టుకున్నది నేనే."

బ్రిటా తల దించుకుంది. నీమీ భార్య ఖాళీ కప్పునే మళ్లీ నోటి దగ్గర పెట్టుకుంది.

"సరే, నీ ఇష్టం," అంది లెనోర్ కళ్లు తుడుచుకుని. "ఒప్పుకుంటున్నానని కింద ఆవిడా సంతకం పెట్టాలిగా. ఇంటూ గుర్తు పెడితే చెల్లుతుందంటారా, నీమీ గారూ?"

అమ్మమ్మ పిండి చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. ఆమె వేలు ఒక వరుస మీద మెల్లగా పాకింది. చివర ఆగింది.

"'మొదటి మనిషి అందుబాటులో లేకపోతే' అనుంది ఇక్కడ. ఆ పక్కన ఖాళీ వదిలేశావేమే? మీ అమ్మ పేరు రాయి. ఎలాగూ ఇద్దరం కలిసే వస్తాం. నేను డాక్టర్ని అడుగుతాను, అది నీ తల పట్టుకుంటుంది."

బ్రిటా ఆ వరుసనీ అమ్మమ్మనీ మార్చి మార్చి చూసి, రాసింది. లెనోర్ మాత్రం తల్లి వేలి వైపే చూస్తోంది.

"అమ్మా... మంగళవారాలు..."

"దుప్పట్లు నాకంత బాగా రావులే," అంది అమ్మమ్మ. పెన్ను తీసుకుని, అందరి కాఫీ చల్లారిపోయేదాకా ఒక్కో అక్షరం పేర్చుకుంటూ, ఇదిగో, ఈ పేరే రాసింది:

ఐలీ సార్వెలా, 74 ఏళ్లు, ఇష్పెమింగ్, మిషిగన్.