గాజుపెట్టెలో చైనా గోడ

"అంటే, దీన్ని మీరు గోడలోంచి పెళ్ళగించుకొచ్చారా?" మీరా హుస్సేన్ నోటిదాకా వెళ్ళిన పకోడీని తిరిగి ప్లేటులో పెట్టేశాడు.

"పెళ్ళగించడం ఏమిటి మాస్టారూ! అపురూపంగా తెచ్చుకున్నాను," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని అతని ఫ్లాటులో, హాలు మధ్య టీపాయ్ మీద గాజుపెట్టె మూత తెరిచి ఉంది. అందులో ఎర్రటి మఖ్మల్ గుడ్డ మీద, సబ్బుబిళ్ళంత బూడిదరంగు ఇటుక ముక్క. 'చైనా మహాకుడ్యం' అని బంగారు రంగు అక్షరాలతో ముందు చీటీ కూడా అతికించాడు.

మీరా హుస్సేన్ స్కూల్లో సోషల్ చెబుతాడు. వచ్చే మార్చిలో తెలుగు సంఘం నలభై మందిని చైనాలోని పాత నగరాలు చూపించడానికి తీసుకెళ్తోంది. ఆ యాత్రకి నాయకుడిగా ఎవరుండాలో తేల్చే పని ఆయనదే. ఆ పదవి మీద బాలసుబ్రహ్మణ్యానికి మహా యావ. కిందటి నెల తొమ్మిది రోజుల్లో బీజింగ్, షియాన్, నాన్‌జింగ్ చుట్టబెట్టి వచ్చాడు. చూసొచ్చాడనడం కన్నా, ఫోనుకి చూపించుకొచ్చాడనడం న్యాయం. తన అర్హత రుజువు చేసుకోడానికే ఇవాళ, శనివారం మధ్యాహ్నం, మాస్టారిని టీకి పిలిచాడు.

"ఎలా తీశారు?"

"సూట్‌కేసు తాళంచెవితో. కొంచెం కదిలిస్తే ఊడొచ్చింది. సెక్యూరిటీవాడు అటు తిరిగినప్పుడు జేబులో వేసేశా," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం, మెడల్ కొట్టుకొచ్చినవాడిలా. "ఇదిగో, ఈ తెల్లటి పూత చూశారా? బంకబియ్యం గంజి కలిపిన సున్నం. ఆరువందల ఏళ్ళయినా ఇంకా చప్పచప్పగా రుచి తెలుస్తోంది."

చెప్పి ఊరుకోలేదు. ముక్క తీసి, నాలుక చాపి, అంచు పొడుగునా నాకాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు కూడా.

"మీరూ ఒకసారి చూడండి మాస్టారూ."

మీరా హుస్సేన్ పకోడీల ప్లేటు దూరంగా తోసేశాడు. అది నాకినందుకో, దొంగిలించినందుకో ఆయనకే తెలియలేదు. రెండిటికీ అయ్యుంటుంది.

"ఛీ! మీరూ ఒక యాత్రికుడేనా? రేపు నలభై మందిని తీసుకెళ్తే తలా ఒక ఇటుక పీకిస్తారు. ఆ గోడ ఉంటుందా?"

"అంత పెద్ద గోడకి ఒక్క ముక్క లెక్కా?"

"అందరూ అలాగే అనుకుంటారు. మీ పేరు కొట్టేస్తున్నాను. ఈ సంగతి చైనా కాన్సులేటుకి కూడా ఇవాళే రాస్తాను," అంటూ మీరా హుస్సేన్ ఫోను తీసి గాజుపెట్టెకి ఫొటో కొట్టాడు.

బాలసుబ్రహ్మణ్యం మొహంలో నెత్తుటిచుక్క లేదు. నాయకత్వం మాట దేవుడెరుగు, ఇకమీదట చైనా వీసా కూడా వచ్చేలా లేదు. కానీ సిగ్గులేనివాడికి బుర్ర చురుగ్గానే పనిచేస్తుంది. రెండు క్షణాల్లో పకపకా నవ్వేశాడు.

"నమ్మేశారా మాస్టారూ! ఊరికే ఆటపట్టించాను. ఇది చైనాది కాదు, ఏమీ కాదు. మన బిల్డింగ్ వెనక చెత్త డ్రమ్ము లేదూ? అది దొర్లిపోకుండా చక్రం కింద ఎవడో ఇటుక ముక్క పెట్టాడు. అదే ఇది!"

"చెత్త డ్రమ్ము కిందదా?" మీరా హుస్సేన్ మొహం ఇంకా వికారంగా అయింది. "మరి ఇందాక నాకారు?"

"నటనండీ! నాలుక తగలనిస్తానా?"

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

మీరా హుస్సేన్ ఫోనులో ఆ ఫొటో మళ్ళీ తెరిచాడు. ఆ మనిషిని చూస్తుంటే ఒళ్ళంతా జిడ్డు పూసినట్టుంది. కానీ నలభై మందిలో చైనా దారులు తెలిసినవాడు ఇతనొక్కడే. ఫొటో తుడిచేశాడు.

"దొంగ కాదు, గప్పాలరాయుడన్నమాట. సరే, గప్పాలతో గోడకి నష్టం లేదు. నాయకుడు మీరే. కానీ అక్కడ ఒక్క రాయి ముట్టుకున్నారో..."

"అబ్బెబ్బే!" బాలసుబ్రహ్మణ్యం రెండు చెంపలూ వేసుకున్నాడు. చైనా వాళ్ళనీ, మాస్టారినీ ఒకే దెబ్బకి బుట్టలో వేసినందుకు లోపల్లోపల పొంగిపోయాడు. "పేరమ్మా, ఇంకో రెండు టీలు!" అని కేకేశాడు.

ఇంట్లో వంటా తుడుపూ చేసే గోదావరి జిల్లా పేరమ్మ అప్పటికే వంటగది గుమ్మంలో ఉంది. చేతిలో టీకప్పులున్నాయి.

"అయ్యగారండీ, నన్ను పనిలోంచి తీసేయకండి," అంది ఏడుపుగొంతుతో. "మీకెలా తెలిసిపోయిందండీ?"

"ఏం తెలిసింది?"

"మీ సూట్‌కేసులో మాసిన బట్టల మధ్యన రాయి దొరికితే, మడమలు రుద్దుకోడానికి తెచ్చుకున్నారనుకున్నానండి. మీరు వాడట్లేదు కదాని నేను రుద్దుకున్నానండి. బాత్రూంలో జారిపడి ముక్కలైపోయిందండి. పెట్టెలో పెడతాను ఇమ్మని మీరడిగేసరికి భయమేసి, ఆ డ్రమ్ము చక్రం కిందది లాక్కొచ్చానండి."

బాలసుబ్రహ్మణ్యం గాజుపెట్టె వంక చూశాడు. "కడిగావా?"

"లేదండి. కడిగితే ఆ తెల్లదంతా పోయి మీరు గుర్తుపట్టేస్తారని, పావురాలు రెట్టేసింది రెట్టేసినట్టే ఇచ్చేశానండి."